గురువారపు జామ్ సీసాలు

శనివారం మధ్యాహ్నం రెండూ అయిదుకి జోలీన్ మార్ఫిట్ ముందు టీ పెట్టారు. రెండుంపావు దాటినా ఆమె దాన్ని ముట్టుకోలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ గ్లెనిస్ థాక్రేకి అది వింతగా తోచింది. గ్రిమ్స్‌బీ లాంటి రేవు ఊళ్లో పుట్టిన మనిషి, అందులోనూ చేపల ఫ్యాక్టరీలో తెల్లవారుజాము షిఫ్టు చేసే మనిషి, వేడి టీని ఎదురుగా పెట్టుకుని చల్లారనివ్వదు. నేరం చేసినా సరే, ముందు టీ తాగి ఆ తర్వాతే ఏడుస్తుంది.

"మళ్లీ మొదట్నించీ చెప్పుకుందాం," అన్నాడు బల్ల అవతల కూర్చున్న డేమియన్ స్కెల్టన్.

స్కెల్టన్‌దీ గ్లెనిస్ హోదాయే, వయసులో మాత్రం పదహారేళ్లు చిన్న. అగ్నిప్రమాదాల దర్యాప్తులో ప్రత్యేక శిక్షణ పొందివచ్చి, ఆ సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించి తన గదిలో తగిలించుకున్నాడు. అప్పట్నించీ ఊళ్లో ఎవరింట్లో రొట్టె మాడినా అతనికి కుట్ర వాసనే వస్తోందని క్యాంటీన్‌లో చెప్పుకుంటారు.

ఈసారి మాత్రం అతని లెక్క గట్టిగానే ఉంది. మొన్న గురువారం సాయంత్రం సరిగ్గా నాలుగింటికి జోలీన్ తన వీధిలోనే ఉన్న పద్నాలుగో నంబరు ఇంట్లోంచి సంచీతో బయటికొచ్చింది. దాదాపు పరుగెత్తింది. ఎదురింటావిడ చూసింది. నాలుగూ పన్నెండుకి అదే ఎదురింటావిడ ఆ ఇంటి ముందుగది కిటికీలో మంట చూసి ఫోన్ చేసింది. ఇంటాయన పేరు సిరిల్ బ్లాంచర్డ్. డెబ్బై ఒక్కేళ్లు, రేవులో చేపలు కోసి రిటైరైన మనిషి, ఒంటరివాడు. చేతులూ ఛాతీ కాలి, గొంతులో గొట్టంతో ఆస్పత్రిలో పడి ఉన్నాడు. ఆయన కుర్చీ మీది దుప్పటికి పెట్రోలియం జాతి జిడ్డు పట్టి ఉందని ల్యాబు మొదటి పరీక్షలో తేలింది. అదే జిడ్డు జోలీన్ కోటు చేతుల అంచులకీ ఉంది. ఆమె వంటింట్లో దొరికిన రెండు జామ్ సీసాల నిండా ఉంది. ఆ సీసాలు ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల్లో బల్ల మీదే ఉన్నాయి. వాటి మీద ఎవరో వంకర అక్షరాలతో 'ప్లమ్ జామ్' అని రాసి అంటించారు.

"గురువారం గురువారం ఆ ఇంటికి ఎందుకెళ్తావు?" అడిగాడు స్కెల్టన్.

"చూడ్డానికి."

"చూడ్డానికి సంచీ ఎందుకు?"

జోలీన్ తల దించుకుంది. నలభై మూడేళ్ల మనిషి, పొడుగు చేతుల ఊలు స్వెటర్‌లో ఇంకా చిన్నగా కనిపిస్తోంది.

"రెండేళ్ల కిందట మందుల షాపులో తప్పుడు సంతకం పెట్టి జరిమానా కట్టావు. అవునా?"

ఆమె మెడ కిందినుంచి ఎర్రబడింది.

"తేలు కుట్టిన దొంగలా ఎలా కూర్చుందో చూశారా మేడమ్," అన్నాడు స్కెల్టన్ వెనక్కి తిరగకుండానే.

గ్లెనిస్ చూస్తున్నది మొహాన్ని కాదు, చేతుల్ని. తెల్లటి నూలు తొడుగులు, వేళ్ల కొసల దగ్గర బూడిదరంగుకి తిరిగినవి. లోపలికొచ్చేటప్పుడు జోలీన్ తలుపుని మోచేత్తో తోసింది. ఇంత వెచ్చటి గదిలో తొడుగులెందుకమ్మా, ఒకసారి తియ్యి అని గ్లెనిస్ మెల్లగా అడిగితే, ఆమె రెండు చేతులూ బల్ల కిందికి దాచేసి, అలవాటండీ అంది. వేలిముద్రలు దాచే అలవాటని స్కెల్టన్ అందుకున్నాడు.

"ఒక్కటి చెప్పు చాలు," అంది గ్లెనిస్. "సిరిల్ గారి మీద నీకు కోపం ఉందా?"

జోలీన్ మొదటిసారి తలెత్తింది. "ఆయన మీద ఎవరికైనా కోపం ఎలా వస్తుందండీ? ఆయన ఎలా ఉన్నారో అడిగితే రెండ్రోజుల్నించి ఒక్కరూ చెప్పరు."

"నువ్వు చెప్పు, మేమూ చెప్తాం," అన్నాడు స్కెల్టన్.

"బతికే ఉన్నారమ్మా. ఇవాళ గొట్టం తీసి చూస్తామన్నారు," అంది గ్లెనిస్.

జోలీన్ ముంజేతులతో మొహం కప్పుకుంది. చప్పుడు లేకుండా ఏడ్చే మనుషులుంటారు. చిన్నప్పట్నించీ పలచటి గోడల ఇళ్లలో పెరిగిన వాళ్లకి అది వచ్చేస్తుంది. గ్లెనిస్‌కి ఆమెని చూస్తే జాలేసింది, ఆ జాలిని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

వరండాలోకి రాగానే స్కెల్టన్ తలుపు మూశాడు. "పిండేటప్పుడు పిండనివ్వాలి మేడమ్. అక్కడిదాకా తెస్తే మీరు రుమాలిచ్చినట్టు ఓదార్చారు."

"ఆవిడ ఇష్టపడి వచ్చింది. ఇంకా అరెస్టు కాలేదు."

"అయిదింటికి లాయరొస్తాడు. అయిదూ అయిదుకి హత్యాయత్నం రాస్తాను. నిప్పు లేనిదే పొగ రాదు."

"నిప్పు ఉందని నాకూ తెలుసు నాయనా. అంటించిందెవరనేదే కదా మన ఉద్యోగం. మన స్టేషన్ పెద్దాయన ఆ ఇల్లు నన్నూ ఒకసారి చూసి రమ్మన్నాడు, చూసొస్తాను."

స్కెల్టన్ గడియారం చూపించి లోపలికెళ్లిపోయాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని నమ్మే మనిషితో వాదించి లాభం లేదు. నాలుగో కాలు తీసుకొచ్చి చూపించాలి.

పద్నాలుగో నంబరు తలుపు రెండూ యాభైకి తెరిపించింది. ముందుగదిలో కుర్చీ స్ప్రింగుల దాకా కాలిపోయింది. దాని వెనక గోడ పైకప్పు వరకూ నల్లబడింది. స్కెల్టన్ నివేదిక చేతిలో పెట్టుకుని గ్లెనిస్ ఒక్కొక్క వాక్యమే చూసుకుంటూ వచ్చింది. మంట మొదలైంది కుర్చీ దగ్గర. ఆయన సిగరెట్టు తాగడు. పొయ్యిగూట్లో ఉన్న గ్యాస్ హీటరుకి ఎప్పుడో గొట్టం తీసేశారు. కుర్చీకి మూడు మీటర్ల లోపు నిప్పు పుట్టే వస్తువేదీ లేదు. కాబట్టి ఎవరో పోశారు, ఎవరో అంటించారు. చదువుతుంటే ఎక్కడా తప్పు కనిపించలేదు.

కుర్చీ పక్కన సగం కరిగిపోయిన వస్తువొకటి ఉంది, దాని తీగ ఇంకా గోడ ప్లగ్గులోనే ఉంది. గ్లెనిస్ మోకాళ్ల మీద కూర్చుని చూసింది. అరచేతిలో పట్టే చిన్న వాక్యూమ్ క్లీనర్. నివేదికలో దాని ఊసు లేదు.

అది చూడగానే ఆమెకి అమ్మ గుర్తొచ్చింది. అమ్మకి సోరియాసిస్ ఉండేది. కూర్చున్న చోటల్లా తెల్లటి పొట్టు రాలేది. ముప్పయ్యేళ్లు నల్లబట్ట కట్టలేదు. తలుపు గంట మోగే వేళకి కుర్చీ, కుర్చీ కింది తివాచీ శుభ్రంగా ఉండాలి. వచ్చేది ఇంటి అద్దె మనిషైతే ఒకసారి, తనకిష్టమైన మనిషైతే రెండుసార్లు వాక్యూమ్ పెట్టేది. ఎవరూ ఏమీ అనకపోయినా పెట్టేది. సిరిల్ గారు గురువారం తీగ కూడా తీయకుండా వదిలేశాడంటే, చివరి నిమిషం దాకా శుభ్రం చేస్తూనే ఉన్నాడన్నమాట. తనని దోచుకుపోయే మనిషి కోసం ఎవరూ అంత పాటుపడరు.

వంటింట్లో రెండు కప్పులున్నాయి. రెండింట్లోనూ టీ సంచులు వేసి ఉన్నాయి. స్టవ్ మీద కెటిల్ నిండా నీళ్లు. ఎడమ బర్నరు వెలుగుతుంటే తామే ఆపామని ఫైరు వాళ్లు రాసిచ్చారు. స్కెల్టన్ దాన్ని నాలుగో పేజీ అడుగున చేర్చి వదిలేశాడు. స్టవ్ వెలిగించే మీట మీద ప్లాస్టర్ అంటించి ఉంది, అంటే అది పాడై చాలాకాలమైంది. పక్కన అగ్గిపెట్టె, సాసరు. సాసరులో కాలిన పుల్లలు వరసగా, తలలన్నీ ఒకే వైపుకి పేర్చి ఉన్నాయి. అంత పద్ధతైన మనిషి చివరి పుల్లని మాత్రం నేల మీద పడేశాడు.

గ్లెనిస్ ఆ పుల్ల దగ్గర్నించి వంగి నడిచింది. స్టవ్‌కీ తలుపుకీ మధ్య నేల మీది షీటు మూడుచోట్ల చిటికెన వేలి గోరంత కమిలి ఉంది. తలుపు చట్రానికి కుడివైపు, మోచేతి ఎత్తులో, మసీ జిడ్డూ కలిసిన మరక ఉంది. ఆ మరక వంటింటి వైపు దట్టంగా మొదలై ముందుగది వైపు పలచబడింది. అంటే కాలుతున్న చెయ్యి ఇటునుంచి అటు వెళ్లింది.

ఆమెకి అంతా కళ్లకి కట్టింది. అగ్గిపుల్ల గీశాడు, బర్నరు అంటుకుంది, దానితోపాటు చొక్కా చెయ్యో స్వెటరు చెయ్యో అంటుకుంది. మంట ఆర్పుకోవడానికి ముందుగదిలోకి పరుగెత్తి, కుర్చీ మీది దుప్పటిని గుండెలకి అదుముకున్నాడు. ఎవరైనా చేసే పనే అది. దుప్పటి మంటని ఆర్పాలి. ఇది ఎందుకు ఆర్పలేదు?

మూలన వాషింగ్ మెషీన్ మీద దుమ్ము పేరుకుంది. తలుపు రబ్బరు ఉబ్బి చీలిపోయింది, కింద తువ్వాలు కుక్కారు. అమ్మ ఉన్నప్పుడు గ్లెనిస్ ఇంట్లోనూ రెండు మెషీన్లు ఇలాగే రబ్బరుకి జిడ్డు పట్టి పోయాయి. మెషీన్ పనిచేయకపోయినా బట్టల స్టాండు మీద మాత్రం ఉతికి మడతపెట్టిన చొక్కాలున్నాయి, సబ్బు వాసనతో. ఎవరో తమ ఇంట్లో ఉతికి తెస్తున్నారు.

బీరువా తెరిచింది. పై అరలో పెద్ద తెల్ల డబ్బాలు అయిదు. కింది అరలో జామ్ సీసాలు, కొన్నింటి మీద అవే వంకర అక్షరాలు, ప్లమ్ జామ్ అని. మూడు ఖాళీ సీసాలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒక డబ్బా మూతకి దారంతో పొడుగు చెంచా కట్టి ఉంది. చెయ్యి పెడితే మందు చెడుతుందని చెంచాతో తీసేవాళ్ల పద్ధతి అది. గ్లెనిస్ మూత తీసి బొటనవేలికి కొంచెం రాసుకుని వాసన చూసింది. అమ్మ దుప్పట్ల వాసన వచ్చింది. కాసేపు ఆమె దర్యాప్తు మర్చిపోయి అలాగే నిలబడింది.

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవడానికి కళ్లజోడు పెట్టుకోవాల్సొచ్చింది. పెట్రోలియం జిడ్డుతో చేసిన ఆయింట్‌మెంటు. పక్కన గోరంత మంట బొమ్మ, దాని మీద అడ్డగీత. ముప్పయ్యేళ్లు అమ్మ వీపుకి రాసిన చెయ్యి తనది, నిప్పు దగ్గరికెళ్లొద్దని తనకి ఎవరూ చెప్పలేదు.

స్కెల్టన్ జిడ్డు దొరికింది. కానీ ఒక ముడి అలాగే ఉండిపోయింది. ఆయింట్‌మెంటు సీసా ఇంట్లో ఉండటం నేరం కాదు. జైలు ఎదురుగా కనబడుతున్నా జోలీన్ ఆ ఒక్క మాట ఎందుకు చెప్పడం లేదు? డబ్బాల మీద సిరిల్ పేరు, వీధి చివరి మందుల షాపు చీటీ ఉన్నాయి. శనివారం ఆ షాపు నాలుగింటికి మూసేస్తారు. అప్పటికి మూడున్నర అయింది.

ఫార్మసిస్టు నస్రీన్ ఖాజీ సగం షట్టరు దించి, గ్లెనిస్‌ని లోపలికి రానిచ్చింది. రోగుల సంగతులు చెప్పకూడదని ముందు బిగుసుకుంది. అయిదింటికి జోలీన్‌ని హత్యాయత్నం కింద లోపలేస్తారని విన్నాక స్టూలు మీద కూలబడి, చెప్పాల్సినంత చెప్పింది.

సిరిల్‌కి సోరియాసిస్ ఉంది. అరవై దాటాయి కాబట్టి మందులన్నీ ఉచితం. రెండేళ్ల నించీ ఆయన డాక్టరుని అడిగి ఎక్కువ డబ్బాలు రాయించుకుంటున్నాడు. ఒంట్లో ఎక్కువైందని చెప్పేవాడు. చూస్తే ఎప్పటిలాగే ఉండేవాడు. జోలీన్‌కి పదకొండో ఏట నుంచీ చేతులకి ఎగ్జిమా, చర్మం ఎండి చిట్లే జబ్బు. ఉప్పునీళ్లలో, మంచులో చేపల పని దాన్ని మాననివ్వదు. ఆమెకి అరవై నిండలేదు, కాబట్టి చీటీలో ఒక్కో మందుకీ దాదాపు పది పౌండ్లు కట్టాలి. రెండేళ్ల కిందట చీటీ వెనక, దీర్ఘరోగం ఉన్నవాళ్లు డబ్బు కట్టక్కర్లేదన్న గడిలో ఆమె టిక్కు పెట్టింది. ముప్పయ్యేళ్ల రోగం దీర్ఘరోగం కాకపోతే మరేమిటని ఆమె అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఆ ఉచిత రోగాల జాబితా యాభయ్యేళ్ల కిందట రాసింది, అందులో చర్మానికి చోటు లేదు. మూడు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. మందు ఖరీదు, దాని మీద జరిమానా. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"ఆ తర్వాత ఒక్కసారే వచ్చింది," అంది నస్రీన్. "చీటీలో నాలుగు మందులున్నాయి. ఈ నాలుగింట్లో ఏవి లేకపోయినా గడుస్తుందండీ అని అడిగింది. నేనేం చెప్పను? ఒక్కటి తీసుకుంది. ఏడాదికి సరిపడా కట్టే కార్డు ఒకటుంది, నెలనెలా కొంచెం కొంచెంగా కట్టొచ్చని చెప్పబోయేలోపు వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆవిణ్ణి ఆపనందుకు నాకు ఇప్పటికీ బాధే."

"ఆ రోజు వరసలో ఆవిడ వెనక ఎవరున్నారు?"

నస్రీన్ ఆలోచించి, నెమ్మదిగా అంది. "సిరిల్ గారు. మందులు తీసుకోకుండానే ఆవిడ వెంట బయటికెళ్లారు."

ముడి విడిపోయింది. ఆయన పేరున వచ్చిన ఉచిత మందు ఆమె సీసాల్లోకి వెళ్తోంది. చట్టం కళ్లకి అది మోసం. ఆస్పత్రిలో ఉన్న మనిషిని మోసగాడు అనిపించడం ఇష్టం లేక, ఆమె తనే హంతకురాలు అనిపించుకుంటోంది.

"ఆ ఆయింట్‌మెంటు మండుతుందా?" అడిగింది గ్లెనిస్.

"డబ్బాలో ఉన్నంతసేపు అంత తేలిగ్గా మండదు. బట్టకి పట్టి ఎండితే మాత్రం ఆ బట్ట దీపంలో వత్తిలా అయిపోతుంది. ఉతికినా పూర్తిగా వదలదు. కప్పుకునే దుప్పటి, తొడుక్కునే స్వెటరు, చేతి తొడుగులు..."

నస్రీన్ ఇంకా చెబుతూనే ఉంది. గ్లెనిస్‌కి బూడిదరంగుకి తిరిగిన నూలు తొడుగులు కళ్లముందు నిలిచాయి. స్కెల్టన్‌కి ఫోన్ చేసింది, ఎత్తలేదు. స్టేషన్ రిసెప్షన్ బల్లకి చేసింది.

"స్కెల్టన్ గారు ఆవిడతో వెనక పెరట్లో ఉన్నారండీ," అన్నాడు కానిస్టేబుల్. "సిగరెట్టు ఇప్పిస్తే మెత్తబడుతుందని ఇప్పుడే తీసుకెళ్లారు."

"వెళ్లి ఆపు. సిగరెట్టు వెలిగించనివ్వకు. ఫోన్ పెట్టేసి పరుగెత్తు," అంటూనే గ్లెనిస్ షట్టరు కింద నుంచి వంగి బయటపడింది.

షాపు నుంచి స్టేషన్ వెనక గేటుకి నడిస్తే ఆరు నిమిషాలు. యాభై నాలుగేళ్ల మోకాళ్లతో ఆమె మూడున్నర నిమిషాల్లో చేరింది. బల్ల వదలకూడదని తటపటాయించిన కానిస్టేబుల్ ఇంకా వరండా తలుపు దగ్గరే ఉన్నాడు. పెరట్లో స్కెల్టన్ లైటరు మళ్లీ మళ్లీ గీస్తున్నాడు. సముద్రం మీంచి వచ్చే గాలి దాన్ని మళ్లీ మళ్లీ ఆర్పుతోంది. ఆ గాలిని గ్లెనిస్ జీవితమంతా తిట్టుకుంది, ఆ క్షణం మాత్రం దానికి దండం పెట్టాలనిపించింది. సిగరెట్టు నోట్లో పెట్టుకున్న జోలీన్, మంట ఆరకుండా రెండు తొడుగుల చేతులూ లైటరు చుట్టూ దొన్నెలా పట్టింది.

గ్లెనిస్ ఇద్దరి మధ్యకీ దూరి లైటరు మీద చేత్తో కొట్టింది. అది గచ్చు మీద పడింది.

"మీకు మతి పోయిందా మేడమ్? ఇప్పుడే నోరు విప్పబోతోంది," అన్నాడు స్కెల్టన్.

ఆమెకి ఊపిరి అందడానికి కొంతసేపు పట్టింది. "జోలీన్, ఒక తొడుగు ఇస్తావా తల్లీ? పాడుచేస్తాను, కొత్తవి కొనిస్తాను."

జోలీన్ స్కెల్టన్‌ని చూసింది, గ్లెనిస్‌ని చూసింది, కుడి తొడుగు ఒక్కో వేలే లాగి తీసింది. కింద ఉన్న చెయ్యి నలభై మూడేళ్ల మనిషిది కాదు. వేలు వంగే ప్రతి చోటా చిట్లి ఉంది, అరచేతి గీతలు ఎర్రగా తెరుచుకుని ఉన్నాయి. టీ కప్పు ఎందుకు ముట్టుకోలేదో గ్లెనిస్‌కి అప్పుడు తెలిసింది. వేడి తగిలితే మంట పుడుతుంది. స్కెల్టన్ చూపు తిప్పుకున్నాడు.

గ్లెనిస్ తొడుగుని గచ్చు మధ్యలో పెట్టింది, ఇసుక బకెట్టు దగ్గరికి లాక్కుంది, జోలీన్‌ని గోడదాకా వెనక్కి నడిపించింది. అప్పుడు కింద పడ్డ లైటరు తీసుకుని వంగి, గాలికి వీపు అడ్డం పెట్టి, తొడుగు చిటికెన వేలి కొసకి లైటరు తాకించింది. వేలు అంటుకుంది. అరచెయ్యి అంటుకుంది. మణికట్టు దాకా ఒకేసారి లేచిన మంట గాలికి కూడా ఆరలేదు. స్కెల్టన్ ఏ శిక్షణలో నేర్చుకున్నాడో కానీ, అలవాటుగా పెదాలతో అంకెలు లెక్కపెట్టాడు. ఆరు దగ్గర తొడుగు మొత్తం మండుతోంది. గ్లెనిస్ ఇసుక కుమ్మరించింది.

"నీ జిడ్డు ఇదే," అంది. "ఎవరూ పొయ్యలేదు. ఒంటికి రాసుకున్నది బట్టలకి పట్టింది. నాలుగో పేజీలో నువ్వు రాసిన బర్నరు దగ్గర చెయ్యి అంటుకుంది, దుప్పటితో ఆర్పుకోబోతే దుప్పటీ అంటుకుంది. నేల మీద కమిలిన మచ్చలు, తలుపు చట్రానికి మరక ఉన్నాయి, వెళ్లి చూసుకో. ఇందాక నీ చేతిలో లైటరు వెలిగుంటే రెండో కేసు ఇక్కడే, మన పెరట్లోనే అయ్యేది."

స్కెల్టన్ మొహం పాలిపోయింది. అయినా పట్టు వదల్లేదు. "అంటుకోవచ్చని చూపించారు, సరే. ఈవిడ అంటించలేదని ఎవరు చెప్పాలి? ఆయన ఒక్కడే చెప్పాలి."

జోలీన్ ఇద్దరి మాటా వినడం లేదు. ఇసుక వైపే చూస్తోంది.

"ఆయన స్వెటర్ నేనే ఉతికాను," అంది. "ఆయన మెషీన్ పోయింది. కరెంటు ఎక్కువ కాలుతుందని ముప్పై డిగ్రీల్లో వేశాను. వేడినీళ్లలో వేసుంటే..."

"అరవైలో వేసినా వదలదట. షాపులో అడిగొచ్చాను," అంది గ్లెనిస్.

"అదొక్కటే కాదండీ. టీ." జోలీన్ ఇసుక మీంచి చూపు ఎత్తింది. "డాక్టరుని అడిగి ఇంకో డబ్బా రాయిస్తానన్నారు. వద్దన్నాను. పట్టుబడితే నాకు జరిమానా వేసినవాళ్లు మిమ్మల్ని వదిలిపెడతారా, ఉన్న మందులు కూడా తీసేస్తారు, ఇక నేను రాను అన్నాను. ఆయన వినకుండా సీసాలు నా సంచీలో కుక్కేసి, కూర్చో, టీ తాగి వెళ్లు, నీళ్లు పెడతానన్నారు. ఏడుపొస్తోందని ఆగకుండా వచ్చేశాను. తాగి వెళ్లుంటే నేనక్కడ ఉండేదాన్ని. ఆర్పేదాన్ని." ఆగి, మళ్లీ అంది. "చేతులు చిట్లితే షిఫ్టు ఇవ్వరు. షిఫ్టు లేకపోతే మందు కొనలేను. మందు లేకపోతే చేతులు చిట్లుతాయి. ఎక్కడ తెంపాలో తెలియక తిరుగుతుంటే, షాపు బయట ఆయన ఆపి, మా ఇంట్లో బోలెడుంది, సీసా తెచ్చుకో అన్నారు. ఇది చెప్తే ఆయన్ని దొంగంటారు. ఎలా చెప్పనండీ?"

గ్లెనిస్ తన స్కార్ఫ్ తీసి ఆ చేతికి అద్దకుండా, ఊరికే కప్పింది.

నాలుగూ పదమూడుకి స్కెల్టన్ ఫోన్ మోగింది. ఆస్పత్రిలో మంచం పక్కన కాపలా పెట్టిన కానిస్టేబుల్. స్కెల్టన్ ఒక్క క్షణం ఆలోచించి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు. అంత మాత్రం న్యాయం అతనిలో ఉందని గ్లెనిస్ మనసులో రాసుకుంది.

"గొట్టం తీశారు సార్. గుసగుసగా మాట్లాడుతున్నారు. మీరు చెప్పిన ప్రశ్నే మూడుసార్లు అడిగాను, మంట ఎవరు పెట్టారని."

"ఏమన్నాడు?"

"టీ కోసమని అగ్గిపుల్ల గీశారట. ఇంట్లో ఇంకెవరూ లేరన్నారు. ఆ తర్వాత నన్నే ఒకటి అడుగుతున్నారు సార్. నాకు అర్థం కాలేదు, ఇప్పటికి అయిదుసార్లు అడిగారు."

"ఏమిటది?"

"జోలీన్ చేతులు ఎలా ఉన్నాయి అని."

స్కెల్టన్ జోలీన్ వైపు చూశాడు. "ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టు," అని అవతల చెప్పి, ఇవతల ఫోన్ జోలీన్‌కి అందించబోయాడు. ఆ చేతులతో ఆమె పట్టుకోలేదని అప్పుడు గుర్తొచ్చి, ఒక అడుగు ముందుకేసి తనే ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు.

అవతల్నించి ఏదో గరగరమంది.

"బాగున్నాయండీ," అంది జోలీన్. "చాలా బాగున్నాయి. పూర్తిగా మానిపోయాయి."

అంటూనే, ఆయనకి కనబడుతుందేమోనన్నట్టు, చేతిని వీపు వెనక్కి దాచుకుంది.